తెరచిన పుట, పలికిన మాట



ఈ మాసము మేము మీ యెదుట ఉంచగోరు ప్రశ్న చూచుటకు చిన్నది. అయినను దానిని తప్పించుకొని పోవుట మాకు సాధ్యము కాలేదు. చదువురాని బిడ్డ చదివినట్లు నటించుచుండగా, చూచినవారు చూడనట్లు ఊరకుండుట ప్రేమయా, పాపమా? ఈ ప్రశ్న మాకు ఒక కోతపండుగనాడు, ఒక పల్లె దేవాలయములో, ఒక బిడ్డ చేతిలో తెరచియున్న పుస్తకములో దొరికినది.

ఆ దినమున దేవాలయము నిండియుండెను. వేదిక యొద్ద వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు కానుకలుగా ఉంచబడెను. ఐదవ తరగతి చదువుచున్న ఒక బాలిక క్రొత్త పరికిణీ కట్టుకొని, రెండు చేతులతో బైబిలు పట్టుకొని లేచి నిలువబడి, ఇరువది మూడవ కీర్తన చదివెను. ఎక్కడను తప్పలేదు, ఎక్కడను తడబడలేదు. కన్నులు ఒక వరుస తరువాత ఒక వరుస వెంబడి కదలుచుండెను. నడుమ ఒకసారి పుట కూడ త్రిప్పెను. సంఘమంతయు సంతోషించెను. వెనుక స్త్రీల వరుసలో ఆమె తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొనెను.

మేము ఆ బిడ్డ ప్రక్కనే కూర్చుండియుంటిమి. తెరచియున్న పుట మాకు కనబడెను. అది కీర్తనల గ్రంథము కాదు, రాజుల గ్రంథము.

మేమేమి చేసితిమి? “బాగుగా చదివితివమ్మా” అని అందరి యెదుట చెప్పి, ఒక పెన్సిళ్ల పెట్టె బహుమానముగా ఆమె చేతికిచ్చితిమి. బిడ్డ మనస్సు నొచ్చకూడదని అట్లు చేసితిమని అప్పుడు మేము తలంచితిమి. ఇప్పుడు ఆలోచించుకొనగా, పండుగ చెడకూడదనియు, ఆ పల్లెలో ఆదివారపు బడి నడిపించు మా పేరు చెడకూడదనియు కూడ తలంచియుంటిమేమోయని తోచుచున్నది.

ప్రేమవిందు అయిన తరువాత ఆ బిడ్డ తన పళ్లెము కడిగి పెట్టి, చింతచెట్టు క్రింద ఉన్న మా యొద్దకు వచ్చి కొంతసేపు ఊరకే నిలిచెను. తరువాత మెల్లగా, “అయ్యగారూ, మీరు చూశారు గదా?” అనెను. చూచితిమని చెప్పితిమి. “మా అమ్మతో చెప్పకండి” అనెను. చెప్పమని మాట ఇచ్చితిమి. ఆమె కన్నులలో ఉన్నది భయము కాదు, సిగ్గు. పదియేండ్ల బిడ్డ అంత సిగ్గును ఎన్నాళ్లనుండి మోయుచున్నదో మాకు తెలియదు.

అప్పుడు అసలైన ఇరువది మూడవ కీర్తనను తెరచి ఆమె యెదుట పెట్టి, “కాపరి అను మాట ఎక్కడున్నది, వ్రేలు పెట్టి చూపుమమ్మా” అని అడిగితిమి. ఆమె మొదటినుండి నోటిలోనే చెప్పుకొనుచు వ్రేలు నడిపెను. మాట చెప్పబడునప్పటికి వ్రేలు రెండు వరుసలు క్రిందికి పోయియుండెను. ఒక కాగితముమీద ‘కె’ అను అక్షరము ఒక్కటే వ్రాసి ఇదేమియని అడిగితిమి. ఆమె “క, కా, కి, కీ” అని రాగముతో మొదలుపెట్టి, ఎన్నవదో చూచుకొనుచు లెక్కపెట్టనారంభించెను. అప్పుడు సంగతి మాకు తేటపడెను. ఆ బిడ్డ గుణింతమును పాటగా నేర్చుకొన్నది. పాటలో ప్రతి అక్షరము తన చోటున భద్రముగా ఉన్నది. పాటనుండి విడదీసి ఒంటరిగా నిలువబెట్టిన అక్షరమును మాత్రము ఆమె గుర్తెరుగదు.

ఈ లోపము ఆ బిడ్డ ఒక్కదానిది కాదు. మన తెలుగు లిపి అందమైనదే గాని నేర్చుకొనువానికి దీర్ఘమైన దారి. హల్లులు ముప్పదికి పైగా ఉన్నవి. ఒక్కొక్క హల్లునకు ఒక్కొక్క గుణింతము చేర్చినయెడల నాలుగువందలకు మించిన రూపములగును. వాటిపైన వత్తులు. వ-ప, డ-ద, ధ-థ, మ-య చూపునకు దగ్గరి చుట్టములు. ఇన్నిటిని పలకమీద దిద్ది, కన్నులతో గుర్తుపట్టి, చెవితో విని, నోటితో పలికి ఒకటిగా కలుపుకొనుటకు కాలము పట్టును. ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క అక్షరమును అడుగువాడు ఉండవలెను. అట్టివాడు లేనియెడల పాట నిలుచును, చదువు నిలువదు.

వ్రాతయు అట్లే. నల్లబల్లమీద ఉన్నది చూచి పుస్తకములో దించుకొనుట చూచివ్రాత. ఆ బిడ్డ నోటుపుస్తకములు మేము తెప్పించి చూచితిమి. దస్తూరి ముత్యములవలె ఉండెను. పుటపుటకు ఎర్ర సిరాతో గుర్తు పెట్టబడియుండెను. కాని తాను వ్రాసినదానిలో ఒక వరుసనైనను ఆమె చదువలేదు. ముగ్గులు వేయువారు చుక్కలు కలిపినట్లు ఆమె అక్షరములను కలిపినది.

ఇక, ఈ తప్పు ఎవరిది? బిడ్డ అబద్ధమాడినదా? పెద్దలమైన మనకు ఆ తీర్పు సులభము. కాని మేము ఆ తీర్పు తీర్చలేకపోతిమి. ఒప్పచెప్పినప్పుడెల్ల మెచ్చుకొంటిమి, బహుమానమిచ్చితిమి. “నీకు ఏది రాదు?” అని ఒక్కసారియు అడుగలేదు. చదువును కాక చదివినట్లు కనబడుటను మెచ్చుకొను ఇంటిలో బిడ్డ దేనిని నేర్చుకొనును? మనము ఏ గింజ చల్లితిమో ఆ పైరే మొలచినది.

బడిపంతులుమీద నేరము మోపుదుమా? అదియు అంత తేలిక కాదు. అనేక పల్లెలలో ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చుండును. ఒక పంతులే అందరికిని. పాఠములు ముగింపవలెను, రికార్డులు వ్రాయవలెను. దానికి తోడు 2020 మార్చిలో కొరోనా తెగులువలన బడులు మూయబడి, నెలల తరబడి తెరువబడలేదు. అక్షరములు దిద్దవలసిన ఈడున పిల్లలు ఇంట కూర్చుండిరి. తిరిగి వచ్చినప్పుడు వారు పై తరగతిలో ఉండిరి, పుస్తకము పై తరగతి పుస్తకము. వెనుకబడిన బిడ్డకొరకు ఎవరును వెనుకకు రాలేదు.

ఇది ఒక్క పల్లె సంగతి కాదని లెక్కలు చెప్పుచున్నవి. ‘అసర్’ అను పేరుతో 2005 మొదలుకొని మన దేశపు గ్రామములలో ఇల్లిల్లు తిరిగి పిల్లలచేత చదివించి చూచుచున్నారు. 2018లో ఐదవ తరగతి పిల్లలలో నూటికి సుమారు 50 మంది మాత్రమే రెండవ తరగతి పాఠమును చదువగలిగిరి. 2022లో ఆ లెక్క సుమారు 43కు దిగెను. 2024లో సుమారు 49కి లేచెను. అనగా ఐదేండ్లు బడికి పోయిన పిల్లలలో సగమునకు పైగా మన కోతపండుగ బిడ్డవంటివారే. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన చట్టము, ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ప్రతి బిడ్డకు చదువును హక్కుగా చేసెను. మంచి చట్టము. అది బిడ్డను బడిలోనికి తెచ్చెను. బడిలోనికి వచ్చిన బిడ్డకు ‘కె’ అను అక్షరము గుర్తుపట్టుట నేర్పవలసినది మాత్రము ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండు మనుష్యుడే.

కొందరు మమ్మును అడుగుదురు: “కంఠపాఠము తప్పా? మా అమ్మమ్మకు అక్షరము రాదు, అయినను ఎన్ని కీర్తనలు చెప్పును!” తప్పు కాదు, ప్రియులారా. అక్షరము దొరకని కాలములో వాక్యమును గుండెలో దాచుకొన్న ఆ తల్లుల భక్తికి మనము సాటిరాము. కాని వారు చదివినట్లు నటింపలేదు. “నాకు చదువు రాదు, విని నేర్చుకొంటిని” అని నిర్భయముగా చెప్పుకొనిరి. వారు తమ బిడ్డలను బడికి పంపినది తాము ఉన్నచోటనే బిడ్డలును నిలిచిపోవలెనని కాదు.

వారి కాలమును మనము మరచిపోరాదు. అక్షరమునకు అర్హులు కారని ఊరు వెలుపల ఉంచబడినవారు మన పెద్దలలో అనేకులు. బడి అరుగు ఎక్కనియ్యబడనివారు. 1812లో సెరాంపూరులో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగున అచ్చుపడెను. 1843లో రాబర్టు నోబుల్ మచిలీపట్నములో పాఠశాల తెరచెను. 1912లో డోర్నకలు బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్యగారి కాలములో పల్లె ఉపదేశియే అనేక పల్లెలలో బడిపంతులు కూడ. పగలు బడి జరిగిన పాకలోనే రాత్రి ప్రార్థన జరిగెను. చదువురాని కాలములో ఏమి జరిగెనో మీ ఇండ్లలోని ముసలివారిని అడుగుడి. నోటుమీద ఎంత వ్రాసియున్నదో తెలియక వ్రేలిముద్ర వేసిరి. ఆ ముద్రల వెంబడి చెక్కలు చెక్కలుగా పొలములు పోయెను. వ్రాసియున్నది ఒకటి, చదివి వినిపించినది మరియొకటి. తెరచిన పుట వేరు, పలికిన మాట వేరు. ఆ దినములలో మోసపరచినవాడు పరాయివాడు. నేడు మన బిడ్డ అదే పుట యెదుట నిలిచియుండగా, మనమే “బాగుగా చదివితివి” అనుచున్నాము.

చదువుట అనగా ఏమి? మన దేశపు జనాభా లెక్కలలో, ఏడేండ్లు దాటినవారు ఏదైన ఒక భాషలో గ్రహింపుతో చదువను వ్రాయను నేర్చినయెడల అక్షరాస్యులని యెంచుదురు. గ్రహింపుతో అను మాట గమనింపుడి. 2011 లెక్కలో నాటి ఆంధ్రప్రదేశమందు నూటికి సుమారు 67 మంది అట్టివారని తేలెను. అయితే లెక్కకు వచ్చువారు ఎవరిని చదివించి చూడరు. ఇంటివారు చెప్పినదే వ్రాసికొందురు. మా కోతపండుగ బిడ్డ ఇంటికి వచ్చియుండినయెడల, తల్లి “చదువుతుందండి” అని చెప్పియుండును. లెక్క ముగిసియుండును.

పరిశుద్ధ గ్రంథము ఈ గ్రహింపు విషయమై మౌనముగా లేదు. నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో, నీటి గుమ్మము ఎదుటి మైదానమున ఎజ్రా ధర్మశాస్త్రము చదివినప్పుడు, లేవీయులు జనులకు దాని భావమును తెలియజెప్పిరి. చదువుటయే చాలునని వారు తలంపలేదు. అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయములో రథములో కూర్చుండి చదువుచున్న ఐతియొపీయుని ఫిలిప్పు అడిగిన మొదటి ప్రశ్న గ్రహింపును గూర్చినదే. ఆ అధికారి సిగ్గుపడలేదు. తనకు తెలియదని ఒప్పుకొని, ఫిలిప్పును రథమెక్కి తన ప్రక్కన కూర్చుండుమని వేడుకొనెను. అడిగినవాడు వెక్కిరింపలేదు, అడుగబడినవాడు దాచుకొనలేదు. అందుచేత ఆ దారిలో మేలు జరిగెను.

ఇంకొక సంగతి ఉన్నది. ఇది చెప్పుట మావంటి బోధకులకు కొంచెము కష్టము. పదునేడవ అధ్యాయములో బెరయ పట్టణస్థులు ఘనులని చెప్పబడిరి. ఎందుచేత? పౌలు చెప్పినది నిజమో కాదో తెలిసికొనుటకు వారు ప్రతిదినము లేఖనములను పరిశోధించిరి. అనగా బోధకుని మాటను పుస్తకముతో పోల్చి చూచిరి. పౌలుకు కోపము వచ్చినట్లు అక్కడ వ్రాయబడలేదు. బిడ్డకు చదువు నేర్పుట అనగా, రేపు ఆ బిడ్డ మనలను సరిచూచు శక్తిని ఈ దినమున మన చేతులతో ఆమెకు ఇచ్చుట. ఒప్పచెప్పు బిడ్డ మనము చెప్పినదే తిరిగి చెప్పును. చదువగల బిడ్డ మనము చెప్పనిది కూడ కనుగొనును. బోధకులు, పంతుళ్లు, తలిదండ్రులు ఒప్పచెప్పుటతో ఎందుకు తృప్తిపడుదుమో అడిగికొనినప్పుడు, మా మట్టుకు ఒక కారణము ఇదేయని తోచినది. ఒప్పచెప్పు బిడ్డతో మనకు చిక్కులేదు.

చదివి గ్రహించినవారు ఊరకుండరని మన తెలుగుదేశమే చూచెను. 1990 దశకము మొదట నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము జరిగినప్పుడు, రాత్రిబడులలో చదువుకొన్న స్త్రీలు తమ వాచకములోని ఒక కథలో సారాకొట్టు మూయించిన స్త్రీలను గూర్చి చదివిరి. దూబగుంట స్త్రీలు ఆ కథను కథగా విడువలేదు. తమ ఊరి సారాకొట్టును మూయించిరి. 1992లో ఆ ఉద్యమము ఊరూర వ్యాపించెను. 1993 అక్టోబరులో రాష్ట్రమందు సారా నిషేధింపబడెను. అదే పాఠమును రాగముతో ఒప్పచెప్పి ఇంటికి పోయియుండినయెడల ఏమి జరిగియుండును?

“ఇప్పుడు ఫోనే చదివి వినిపించును గదా, ఇంత శ్రమ ఎందుకు?” అని యౌవనస్థులు అడుగుదురు. నిజమే, చదివి వినిపించును. కన్నులు కానరాని ముసలివారికి అది మేలే. కాని విన్నమాట గాలివలె పోవును. చదువరి ఒక మాట యొద్ద ఆగవచ్చును, వెనుకకు పోవచ్చును, మరల చూడవచ్చును, “ఇది అట్లు లేదే” అనవచ్చును. చదివి పెట్టువాడు మనిషియైనను ఫోనైనను, వ్రాసియున్నదే చదువుచున్నాడా అని సరిచూచుటకు మన కన్నులు మనకు కావలెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఊరకుండుట ప్రేమయా? అందరి యెదుట “అమ్మా, నీవు తెరచినది రాజుల గ్రంథము” అని చెప్పియుండినయెడల అది సత్యమే. కాని ఆ సత్యము బిడ్డను కూల్చియుండును, మరునాడు ఆమె ఆదివారపు బడికి వచ్చియుండదు. మౌనము ఒక ప్రక్క, బయలుపరచుట మరియొక ప్రక్క. ఈ రెండే దారులని మేము తలంచితిమి. తరువాత ఎఫెసు పట్టణమందలి అపొల్లోను గూర్చి చదివితిమి. అతడు మంచి వక్త. సమాజమందిరములో ధైర్యముగా మాటలాడెను. కాని అతనికి తెలిసినది సగమే. ప్రిస్కిల్ల, అకుల అను దంపతులు విని, నలుగురిలో తప్పుపట్టలేదు. మనకెందుకులే అని ఊరకయు ఉండలేదు. అతనిని తమ యొద్దకు చేర్చుకొని, తెలియనిది విశదపరచిరి. ఆ దంపతులు డేరాలు కుట్టుకొని బ్రతుకువారు. వారికి కావలసివచ్చినది కొంత కాలము, కొంత ఓపిక, ఒక ఇల్లు. మేము ఆ బిడ్డకు ఇయ్యనిది పొగడ్త కాదు, మా కాలము. మాకు ఖర్చు లేనిది ఇచ్చితిమి. ఖర్చైనది దాచుకొంటిమి. అందుచేత మా మౌనము ప్రేమ కాదని ఒప్పుకొనుచున్నాము.

ఆ వారమునుండి చిన్న పని ఆరంభించితిమి. ఆదివారపు బడి ముగిసిన తరువాతను, బుధవారపు ప్రార్థనకు ముందును పావుగంట. ఆ బిడ్డకు కంఠతా వచ్చిన కీర్తననే మొదటి వాచకముగా చేసితిమి. అక్షరము రాని ఒక అవ్వ ఆ కీర్తనను నిదానముగా, మాట వెంబడి మాటగా చెప్పుచుండును. బిడ్డ ఒక్కొక్క మాటక్రింద వ్రేలు పెట్టవలెను. వ్రేలు తప్పినయెడల మరల మొదటికి. మూడు వారములలో నోటిలోని మాటయు పుటమీది మాటయు ఒకదానినొకటి కలిసికొనెను. తరువాత అందులోని మాటలనే చీటీలమీద వ్రాసి కలిపివేసి అడిగితిమి. అటుపిమ్మట అక్షరములను విడదీసి, గుణింతపు వరుస తప్పించి అడిగితిమి. కంఠపాఠము చదువునకు శత్రువు కాదని అప్పుడు తెలిసికొంటిమి. దానిని గమ్యముగా చేసికొనినదే మా పొరపాటు. అవ్వకు తన కీర్తనవలన ఒక బిడ్డకు చదువు వచ్చుచున్నదని ఎంత సంతోషమో మేము వ్రాయజాలము.

వ్రాతకొరకు చూచివ్రాత మానిపించి, “నీ ఇంటిలో ఈ దినమున జరిగినది ఒక్కటి వ్రాయుము” అంటిమి. ఆమె చాలసేపు బలపము కొరుకుచు కూర్చుండి, పలకమీద ఇట్లు వ్రాసెను: “మా మేక ఈనింది. నానకు తెలవదు.” న వత్తు పడలేదు. తండ్రి పట్టణములో కట్టుబడి పనికి పోయియుండెను. ఐదేండ్ల నోటుపుస్తకములలో ఆ బిడ్డ స్వంతముగా వ్రాసిన మాట అదే మొదటిది. మేము వత్తు చూపితిమి. మాటను మాత్రము దిద్దలేదు. మావంటి పత్రికలలోని భాష పల్లెబిడ్డ ఇంటి భాషకు దూరమని మాకు తెలియును. గిడుగు రామమూర్తిగారు (1863-1940) పర్లాకిమిడిలో పంతులుగా ఉండి, కొండసవరల బిడ్డలకు చదువు చెప్పుటకు తానే వారి భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకములు వ్రాసెను. బిడ్డను తన యొద్దకు రమ్మనుటకు ముందు తానే బిడ్డయొద్దకు పోయెను. ఇంటిమాట అక్షరమగుట బిడ్డ మొదట చూడవలెను. పుస్తకపు మాట తరువాత వచ్చును.

క్రిస్మస్ దినములలో ఆ బిడ్డ తానే తల్లితో సంగతి చెప్పివేసెను. మాకు ఆ మాట తెచ్చినది తల్లియే. “నాకు ముందే తెలుసండి. మందుల చీటీ చదవమంటే చీకటిగా ఉందనేది, బ్యాంకు కాగితం ఇస్తే కళ్లు మంటలనేది. పండగనాడు మీరంతా మెచ్చుకుంటా ఉంటే నేనేం చెప్పను?” అనెను. కోతపండుగనాడు ఆమె ఎందుకు కన్నులు తుడుచుకొనెనో అప్పుడు గ్రహించితిమి. తల్లికి తెలియును, బిడ్డకు తెలియును, మాకు తెలియును. ముగ్గురమును ఒకరినుండి ఒకరము దాచుకొంటిమి. ఆ మూడు మౌనముల నడుమ ఆ బిడ్డ చదువు ఆగిపోయియుండెను.

మరుసటి సంవత్సరము కోతపండుగ వచ్చెను. రూతు గ్రంథము రెండవ అధ్యాయములోనుండి మూడు వచనములు ఆ బిడ్డకు ఇచ్చితిమి. ఏ వచనములో ఆ ఉదయము వరకు చెప్పలేదు. ఆమె లేచి నిలువబడి, వ్రేలు పెట్టుకొని చదివెను. మెల్లగా చదివెను. రెండు చోట్ల ఆగెను. పరిగె అను మాట యొద్ద తప్పు పలికి, వెనుకకు పోయి, మరల చూచి సరిగా పలికెను. వెనుక వరుసలలో పిల్లలు కదలిరి. మా ప్రక్కనున్న సంఘపెద్ద ఒకరు చెవిలో, “పోయినేడు ఎంత బాగా చదివింది! ఈ ఏడు తడబడిందేమిటి?” అనెను.

ఈసారి మేము ఊరకుండలేదు. బిడ్డ సెలవు ముందే తీసికొనియుంటిమి. “అయ్యా, పోయినేడు ఆమె చదువలేదు. చదివినది ఈ ఏడే” అని చెప్పితిమి. ఆయన కొంతసేపు మా ముఖము చూచి, తరువాత బిడ్డవైపు చూచి, ఏమియు అనలేదు. ప్రేమవిందు తరువాత తన మనుమని చెయ్యి పట్టుకొని మా యొద్దకు తెచ్చెను.

ప్రియులారా, ఈ వారము మీ ఇంటిలోని బిడ్డను పిలిచి, ఎన్నడును చూడని ఒక పుటను తెరచి, నాలుగు వరుసలు చదువుమని అడుగుడి. కోపముతో కాదు, నలుగురిలో కాదు. ప్రక్కన కూర్చుండి అడుగుడి. రానియెడల తిట్టకుడి, పంతులును నిందింపకుడి. అక్కడనే ఆరంభింపుడి. చదువు వచ్చినవారు పావుగంట ఇయ్యుడి. చదువురానివారు ఆ అవ్వవలె మీకు వచ్చిన కీర్తన చెప్పుడి, బిడ్డ వ్రేలు పెట్టును. తడబడు బిడ్డను చూచి నవ్వకుడి. తడబడుచున్న బిడ్డ నిజముగా చదువుచున్నది.